తల నరికినా చిగురించే మొక్క

"అయ్యగారూ, మొక్క చచ్చిపోతోందండి. ఆదివారం పిల్ల ఫోన్ చేసి అడిగితే ఏమని చెప్పను?"

2022 జూన్ నెలలో కోనసీమలో మా సంఘానికి చెందిన ఒక పెద్దావిడ నన్ను వాకిట్లోనే ఆపి అడిగిన మాట ఇది. ఆమె కూతురు బతుకుతెరువు కోసం కువైట్ వెళ్ళింది. వెళ్ళేముందు కడియం నర్సరీలో ఒక మొక్క కొని తెచ్చి, వరండాలో పెట్టి, "అమ్మా, దీన్ని జాగ్రత్తగా చూసుకో" అని అప్పజెప్పింది. మొక్కజొన్న ఆకుల్లాంటి పొడవాటి ఆకులు, ఒక్కొక్క ఆకు మధ్యలో పసుపుపచ్చని చార. అది డ్రసీనా.

ఆ తల్లి మొక్కను ప్రాణంగా చూసుకుంది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు పోసింది. కుండీ కింద పళ్ళెంలో ఎప్పుడూ నీళ్ళు నిలిచే ఉండేవి. మొదట కింది ఆకులు పండి రాలిపోయాయి. నీళ్ళు చాలడం లేదేమోనని ఆమె ఇంకో చెంబు పోసింది. నేను చూసేసరికి మూడడుగుల కాండం మీద చివర మాత్రం జానెడు ఆకుల గుత్తి మిగిలి ఉంది. మొదలు దగ్గర బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. మట్టి కుళ్ళు వాసన కొట్టింది. అయితే జానెడు పైకి వెళ్ళాక కాండం చెరకుగడలా గట్టిగానే ఉంది.

"కోసేద్దాం అమ్మా, బతుకుతుంది" అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "తల నరికితే కొబ్బరిచెట్టు బతుకుతుందా అయ్యగారూ?"

కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. ఇళ్ళల్లో డ్రసీనా పెంచేవారిలో చాలామంది ఈ భయంతోనే కత్తి పట్టరు. మొక్క పూర్తిగా కుళ్ళేదాకా చూస్తూ ఊరుకుంటారు. అందుకే ఆ రోజు ఆమెకు చెప్పిన సంగతులన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కొబ్బరికీ డ్రసీనాకూ తేడా

చూపుకు రెండూ ఒకే తీరు. ఒకటే కాండం, కొమ్మలు ఉండవు, తల మీద ఆకుల గుత్తి. కాని కొబ్బరికి ప్రాణమంతా మొవ్వులోనే ఉంది. కొమ్ము పురుగు తొలిచినా, మొవ్వు కుళ్ళు తెగులు సోకినా చెట్టు పోయేది అందుకే. ఆ ఒక్క మొగ్గ పోతే దాని స్థానంలో పెరిగే మొగ్గ ఆ కాండం మీద ఇంకొకటి లేదు.

డ్రసీనా అలాంటిది కాదు. దాని కాండాన్ని దగ్గరగా చూడండి. ఉంగరాలు తొడిగినట్లు సన్నని గీతలు కనిపిస్తాయి. ఒక్కొక్క గీత ఒకప్పుడు ఒక ఆకు అంటుకుని ఉన్న కణుపు. ఆ కణుపుల దగ్గర బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైన తల బతికి ఉన్నంతకాలం అక్కడ తయారయ్యే ఒక హార్మోను కిందికి దిగుతూ ఈ మొగ్గలను అణచి ఉంచుతుంది. తల తీసేస్తే ఆ అదుపు పోతుంది, మొగ్గలు మేల్కొంటాయి. పొగాకు రైతు తల తుంచిన తరువాత పక్కల నుంచి పిలకలు రావడం మనం చూస్తూనే ఉన్నాం. ఇదీ అదే పద్ధతి.

కాబట్టి మొదలు గట్టిగా ఉండి, మొక్క బోసిగా పొడవు పెరిగిపోయినప్పుడు మోకాలెత్తున కోయవచ్చు. కోసిన చోటికి కొంచెం కింద రెండు మూడు చిగుళ్ళు వస్తాయి. పైముక్క వేరే మొక్క అవుతుంది. మొదలు కుళ్ళిపోయినప్పుడు మాత్రం కింది భాగం మీద ఆశ వదులుకుని పైదాన్ని కాపాడుకోవాలి. ఆ తల్లి మొక్కకు జరిగింది ఈ రెండోదే.

కోసే విధానం

మంచి పదునుగల చాకు తీసుకుని సబ్బుతో కడిగి, వేడినీళ్ళతో తుడుచుకోండి. మొద్దు కత్తితో నరికితే కాండం చితికి, చితికిన చోట కుళ్ళు పట్టుకుంటుంది.

కుళ్ళిన మొక్కను మెత్తదనం అయిపోయిన చోటికి ఒక అంగుళం పైన కోయండి. కోసిన ముఖం తెల్లగా, గట్టిగా ఉండాలి. గోధుమరంగు మచ్చగాని వలయంగాని కనిపిస్తే కుళ్ళు అక్కడిదాకా పాకిందన్నమాట. చాకు తుడిచి ఇంకొంచెం పైన కోయండి. ఆ రోజు మేము మొదలు నుంచి పది అంగుళాలు తీసి పారవేయవలసి వచ్చింది. ఆమె మొహం చూడలేకపోయాను.

తరువాత ఆకులున్న తలను ఆరు అంగుళాల కాండంతో వేరు చేశాము. అడుగున ఉన్న ఆకులు నాలుగైదు తీసేశాము. వేర్లు లేని ముక్క ఎక్కువ ఆకులను పోషించలేదు. మధ్యలో మిగిలిన ఇరవై అంగుళాల కాండాన్ని అయిదేసి అంగుళాల చొప్పున నాలుగు ముక్కలు చేశాము. ప్రతి ముక్కకు కనీసం రెండు మూడు కణుపులు ఉండాలి. అంటే చచ్చిపోతుందనుకున్న ఒక్క మొక్క అయిదు ముక్కలై చాప మీదికి చేరింది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కొన్నేళ్ళ క్రితం నేనూ చేశాను. ఆకులు లేని ముక్కకు ఏది పైకొనో ఏది కిందికొనో తెలియదు. మూడు ముక్కలు తలకిందులుగా పాతి రెండు నెలలు నీళ్ళు పోశాను. మూడూ ఎండిపోయాయి. అప్పటి నుంచి ఒక గుర్తు పెట్టుకున్నాను. కోసేటప్పుడే కిందికొనను ఏటవాలుగా, పైకొనను సమంగా కోస్తాను. ఇక పొరపాటుకు తావు లేదు.

కోసిన ముక్కలను నీడలో ఒక పూట ఆరనివ్వండి. గాయం మీద పలుచని పొర కడుతుంది. కాండం ముక్కల పైకొన మీద కరిగిన కొవ్వొత్తి మైనం రెండు చుక్కలు వేయండి. లోపలి తడి ఆరిపోకుండా, వాన నీరు దిగకుండా కాపాడుతుంది. పెద్ద నర్సరీలవారు కూడా కాండాల కొనలకు మైనం పూస్తారు. కిందికొనకు మాత్రం మైనం తగలకూడదు, వేర్లు రావలసింది అక్కడే. వేరు వచ్చే హార్మోను పొడి దొరికితే కిందికొనకు అద్దండి. దొరకకపోయినా దిగులు లేదు, డ్రసీనా అది లేకుండానే వేరు పోసుకుంటుంది.

మట్టిలోనా, నీళ్ళలోనా?

రెండూ పనిచేస్తాయి. మట్టి అయితే ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలపండి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండి వాడాలి. ఇసుక ఏటి ఇసుక కావాలి, సముద్రపు ఇసుక పనికిరాదు. ఎరువు ఇప్పుడే వద్దు. కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి. ముక్కను రెండు అంగుళాల లోతు నిలువుగా పాతి చుట్టూ మట్టి నొక్కండి. అడ్డంగా పడుకోబెట్టి సగం మట్టిలో కప్పినా కణుపుల నుంచి చిగుళ్ళు వస్తాయి.

నీళ్ళలో అయితే కింది రెండు అంగుళాలు మాత్రమే మునగాలి. ముదురు రంగు సీసా మంచిది, వెలుతురు తగిలితే నాచు పడుతుంది. వేర్లు రెండు అంగుళాలు పెరిగాక మట్టిలోకి మార్చండి. నీళ్ళను మూడు నాలుగు రోజులకొకసారి తప్పక పారబోసి, సీసా లోపల తోమి, కొత్తనీళ్ళు పోయాలి. ఇది మొక్క కోసమే కాదు. డెంగ్యూ మోసే దోమ నిలవనీటి గిన్నె అంచున గుడ్లు పెడుతుంది. అవి దోమలుగా ఎగరడానికి వారం పదిరోజులు చాలు. 2001లో అమెరికాలోని కాలిఫోర్నియాకు చైనా నుంచి నీళ్ళలో నిలబెట్టి పంపిన లక్కీ బాంబూ సరుకుతోపాటు డెంగ్యూను మోయగల పులిచారల దోమ దిగింది. ఆ లక్కీ బాంబూ కూడా డ్రసీనా జాతే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త మరువకండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా వెచ్చదనం, గాలిలో తేమ రెండూ ఉంటాయి. ముక్కలు నాటడానికి ఆ కాలం శ్రేష్ఠం. కుండీలను వరండాలో, వెలుతురు ఉండి ఎండ నేరుగా పడని చోట ఉంచండి.

కష్టమంతా ఎదురుచూడటంలోనే

నాటడం ఒక గంట పని. తరువాత చేయకుండా ఉండటమే అసలు పని. వేర్లు లేని ముక్క నీళ్ళు తాగలేదు. పోసిన నీళ్ళన్నీ కుండీలోనే నిలిచి, మట్టిలో గాలి ఆడకుండా చేసి, గాయాన్ని కుళ్ళబెడతాయి. పెద్ద మొక్కకూ ఇదే జరుగుతుంది. వేర్లకు ఊపిరి అందక కుళ్ళుతాయి. కుళ్ళిన వేర్లు నీళ్ళు లాగలేవు. పైన ఆకులు దప్పికతో వాడినట్లు కనిపిస్తాయి. మనం జాలిపడి ఇంకో చెంబు పోస్తాం. డ్రసీనాలు ఎక్కువగా చచ్చిపోయేది దాహంతో కాదు, ఇదిగో ఈ జాలితోనే.

కొలత ఒకటే. చూపుడు వేలును రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే వెళ్ళిపోండి. పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో మిగిలినవి పారబోయండి.

మూడోవారం వెళ్ళినప్పుడు ఆమె "రోజూ పీకి చూడాలనిపిస్తోందండి అయ్యగారూ" అంది. పీకితే అప్పుడే పుడుతున్న వేరు తెగిపోతుంది. కావాలంటే ముక్కను రెండు వేళ్ళతో మెల్లగా కదిపి చూడండి. బిగిసి ఉంటే వేర్లు పట్టినట్లే.

ఆ వారమే కాండం ముక్కల్లో ఒకటి మెత్తబడింది. దాన్ని వెంటనే తీసేయించాను. అయిదో వారానికి తల ముక్క బిగిసింది. ఏడో వారంలో రెండు కాండాల మీద బెరడు చీల్చుకుని వడ్లగింజంత పచ్చని మొనలు కనిపించాయి. నాలుగోది పదివారాలు పట్టింది. ముక్క ఎండి ముడతలు పడనంతకాలం, మెత్తబడనంతకాలం దాన్ని పారవేయవద్దని అందుకే చెబుతాను.

మన చాగ కూడా చుట్టమే

డ్రసీనాలు చాలావరకు ఆఫ్రికా మొక్కలు. పసుపు చార ఉన్నదాన్ని డ్రసీనా ఫ్రాగ్రన్స్ అంటారు. పూస్తే రాత్రివేళ ఘుమఘుమలాడుతుంది. సన్నని ఆకులకు ఎర్రని అంచు ఉన్నది మార్జినేటా, మడగాస్కర్ దీవిది. లక్కీ బాంబూ మధ్య ఆఫ్రికాది, పేరుకే వెదురు. డ్రసీనా అంటే గ్రీకు భాషలో ఆడ డ్రాగన్. సొకోట్రా, కానరీ దీవుల్లోని కొన్ని జాతులకు గాటు పెడితే కారే ఎర్రని జిగురును డ్రాగన్ రక్తం అని పిలిచి రంగులకు వాడేవారు. ఆ పేరు అలా వచ్చింది.

పట్టణాల్లో స్నేక్ ప్లాంట్ పేరుతో అమ్మే కత్తుల్లాంటి ఆకుల మొక్కను పూర్వం సాన్సెవేరియా అనే వేరే ప్రజాతిగా లెక్కించేవారు. జన్యువుల పరిశీలన తరువాత శాస్త్రజ్ఞులు 2017, 2018 సంవత్సరాలలో దాన్నీ డ్రసీనాల్లోనే కలిపారు. ఆ విధంగా మన పొలంగట్ల మీద పెరిగే చాగ కూడా ఈ ఇంటిపేరులోకి వచ్చింది. చాగనారతో మన పెద్దలు తాళ్ళు పేనారు. సంస్కృతంలో దాని పేరు మూర్వ, ఆ నారతో వింటినారి చేసేవారు. దాని శాస్త్రీయ నామంలో ఉన్న రాక్స్‌బర్గ్, 18వ శతాబ్దం చివరలో సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించిన స్కాట్లాండ్ వైద్యుడు.

చాగనూ స్నేక్ ప్లాంటునూ ఆకుతోనే పెంచవచ్చు. ఫ్రాగ్రన్స్‌కు ఆకు నాటితే లాభం లేదు, కాండమే కావాలి. ఆకును నాలుగేసి అంగుళాల ముక్కలు చేసి, రెండు రోజులు ఆరబెట్టి, కిందివైపు కిందికే వచ్చేలా ఇసుకలో గుచ్చాలి. వేర్లకు నెల పైన, పిలకకు రెండు మూడు నెలలు పడుతుంది. పసుపు అంచు ఉన్న రకాన్ని ఆకుతో పెంచితే పిల్లమొక్క పచ్చగానే వస్తుంది, అంచు రాదు. అంచు కావాలంటే మొదట్లో వచ్చే పిలకను దుంపతో సహా విడదీసి నాటండి.

ఆకుల కొనలు ఎండితే

కొత్త మొక్కలు బాగా పెరుగుతుండగానే ఆకుల చివరలు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతున్నాయని కొందరు చెబుతారు. పొడిగాలి, ఎరువు ఎక్కువ కావడం, ఉప్పునీరు వీటివల్ల అలా కావచ్చు. కాని ఇంకో కారణం ఉంది, అది ఫ్లోరైడు. డ్రసీనాలకు ఇది పడదు. వేర్లు లాగిన నీటితో ఫ్లోరైడు ఆకు కొనదాకా వెళుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడు అక్కడే పేరుకుని ఆకును కాలుస్తుంది.

ఈ మాట మన ప్రాంతంవారికి కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే గుర్తించారు. నల్గొండ జిల్లాలో తరాల తరబడి పళ్ళు పసుపెక్కి, ఎముకలు వంగిపోయిన మనుషులను చూశాం. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్గొండ విధానమనే పేరు. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు ఉండాలని, వేరే నీరు లేనిచోట ఒకటిన్నర దాటకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

ఆకు కొన ఎండినంత మాత్రాన మీ బోరునీటిలో ఫ్లోరైడు ఉందని రుజువు కాదు. అయితే మీది బోరునీరు తాగే ఊరై, పిల్లల పళ్ళ మీద మచ్చలు కూడా కనిపిస్తుంటే, ఒక సీసా నీరు గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలకు ఇచ్చి పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. రాత్రంతా బిందెలో ఉంచితే క్లోరిన్ పోతుందిగాని ఫ్లోరైడు కదలదు. మొక్కకైతే వాననీరు పట్టి పోయండి. సూపర్ ఫాస్ఫేటులో కూడా ఫ్లోరైడు ఉంటుంది కాబట్టి డ్రసీనా కుండీకి అది వద్దు, పశువుల ఎరువుగాని వర్మీకంపోస్టుగాని గుప్పెడు చాలు.

అమ్మేవారి మాటలు

డ్రసీనా ఇంట్లో ఉంటే విషవాయువులు పోతాయని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన గాజు పెట్టెల్లో మొక్కలను ఉంచి చేసిన పరీక్ష దీనికి మూలం. మన ఇల్లు మూసిన పెట్టె కాదు. అలాంటి పరీక్షలన్నిటినీ 2019లో తిరిగి లెక్కకట్టినవారు, కిటికీ తెరిస్తే వచ్చే గాలితో సమానం కావాలంటే చదరపు మీటరుకు పది మొదలు వెయ్యి మొక్కలదాకా కావాలని తేల్చారు. గాలి కోసం కిటికీ తెరవండి, అందం కోసం మొక్క పెంచండి. అలాగే, మూడు కాడలుంటే సంతోషం, అయిదుంటే ధనం అని చెప్పే లక్కీ బాంబూ లెక్కలకు డబ్బు పెట్టనక్కరలేదు. పక్కింటివారి దగ్గర ఒక ముక్క అడిగి తెచ్చుకుంటే అదీ ఇలాగే బతుకుతుంది.

ఒక జాగ్రత్త. డ్రసీనా ఆకులు నమిలితే కుక్కలకూ పిల్లులకూ వాంతులవుతాయి. కోసిన ఆకులను పశువుల కుడితిలోగాని మేతలోగాని వేయకండి. పసిపిల్లలకు అందని ఎత్తున కుండీ ఉంచండి.

ఆ కుండీలు

2023 డిసెంబరులో ఆ అమ్మాయి సెలవు మీద వచ్చింది. తల్లి మొదలు కుళ్ళిన సంగతి ఫోనులో ఎప్పుడూ చెప్పలేదట. "మొక్క బాగుందే" అనేదట, అంతే. వరండాలో ఒకటికి బదులు మూడు కుండీలు చూసి కూతురు ఆశ్చర్యపోయింది. అప్పుడు ఆమె జరిగినదంతా చెప్పి, "ఎక్కువ చూసుకోబోయి నేనే చంపబోయానే" అని నవ్వింది. నాలుగోదాన్ని పొరుగింటి కోడలికి ఇచ్చిందట. ఆ కోడలు దానికి రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తుంటే ఈవిడ గోడ మీది నుంచి కేకవేసిందట, "అమ్మాయ్, ముందు వేలు గుచ్చి చూడు!" అని.

మీ ఇంట్లో బోసిగా పొడవు పెరిగిన డ్రసీనా ఉంటే ఈ వానాకాలం ధైర్యంగా చాకు పట్టండి. అది కొబ్బరిచెట్టు కాదు.